కీల్డరు జలాశయము చుట్టును సైకిళ్లపై

ఇంగ్లండు దేశమున ఉత్తరపు కొసను, స్కాట్లండు పొలిమేరకు చేరువగా, నార్తంబర్లండు అను సీమ కలదు. అందు కీల్డరు అను పేర నొక పెద్ద జలాశయమును, దానిని చుట్టియున్న కొండలపై నొక మహారణ్యమును ఉన్నవి. నీటియంచును ఇంచుమించుగా విడువక, అడవిలోనుండి చుట్టివచ్చు కంకరబాట యొకటి 26 మైళ్ల పొడవున, అనగా 42 కిలోమీటర్లు, సాగును. దానిపై మోటారుబండ్లు పోరాదు. కాలినడకవారును, సైకిళ్లవారును, గుఱ్ఱపురౌతులును మాత్రమే పోవచ్చును. గత వేసవి సెలవులలో, న్యూకాసిలు పట్టణమున ఉద్యోగము చేయుచున్న మా మఱదిగారింటికి పోయినప్పుడు, మేమా బాటను రెండు దినములలో చుట్టివచ్చితిమి. మేమనగా నలుగురము: మా వారును, మా మఱదియు, మా తోడికోడలును, ఈ పంక్తులు వ్రాయుచున్నవారును.

సైకిలనగానే సోదరీమణులలో కొందఱు నవ్వుకొందురేమో. మన యూళ్లలో ఆడుపిల్ల సైకిలు తొక్కుట వింత కాదు. ఉన్నతపాఠశాల చదువు ముగియువఱకు తొక్కును. పిమ్మట ఎవ్వరును వలదనకుండగనే మానివేయును. మేమును అట్లే మానితిమి. మా యింటి ముందరి బాటను వెడల్పు చేసి, దానిపై ఇసుకలారీలు రేయింబవళ్లు పోవ మొదలిడిన పిదప, మా సైకిలు దొడ్డిగోడకు చేరగిలబడి త్రుప్పు పట్టినది. మా వెఱపు లారీలను గూర్చియే కాని సైకిలును గూర్చి కాదు. కావుననే మోటారులు రాని బాట యొకటి యున్నదని మా మఱది చెప్పగా, పదునేడేండ్ల తరువాత మఱల ఎక్కుటకు సమ్మతించితిమి.

కీల్డరు గ్రామమున సైకిళ్లు అద్దెకు దొరకును. అచట 1775లో వేటవిడిదిగా కట్టిన కోట యొకటి కలదు. పేరునకు తగినంత పెద్దది కాదు. మాకిచ్చిన సైకిళ్లు కంకరబాటలకై చేసినవి. వీని చక్రములు మన సైకిలు చక్రములకంటె లావు. టైర్లపై గఱుకుగా గాట్లుండును. గాలి కొంచెము తక్కువగా నింపుదురు. గాలి బిగువుగా నున్నచో చక్రము ప్రతిరాతిపైనను ఎగిరిపడును. మెత్తగా నున్నచో రాతిని హత్తుకొని పోవును. బాట ఎడతెగక ఎక్కుచు దిగుచుండును గాని, పెద్ద ఎత్తులు లేవు. ఎత్తు కనబడగనే, కాళ్లు బరువెక్కకమునుపే, తేలికగేరునకు మార్చుకొనవలెను. దిగునప్పుడు ముందుబ్రేకును గట్టిగా నొక్కరాదు, కంకర జారును. చున్నీ నడుమునకు బిగించి కట్టుకొనవలెను. ఇంతకుమించి మాకెవ్వరును నేర్పలేదు, అవసరమును పడలేదు.

మొదటి దినము ఉత్తరపుగట్టు పట్టితిమి. గ్రామము దాటిన పిదప ఆనకట్ట చేరువఱకు అంగడి లేదు, కాఫీహోటలు లేదు. మొదటి అరగంటయు మేము మాటిమాటికి వెనుకకు తిరిగి చూచుచుంటిమి. వెనుకనుండి ఏదియో మీదికి వచ్చుచున్నదను బెదురు. ఏదియు రాలేదు. కలప మోయు లారీల త్రోవలు అడవిలో అచటచట ఈ బాటకు అడ్డముగా పోవును. అట్టిచోట మాత్రము ఆగి ఇరువైపుల చూడవలెను. మెడ త్రిప్పుట మేమెప్పుడు మానితిమో మాకే తెలియలేదు. మానిన తరువాత చెవులకు పని దొరకినది. చక్రముక్రింద కంకర నలుగు సవ్వడియు, చెట్లలో గాలియు, ఎక్కడనో నీటిలోనికి దుముకు చిన్నవాగును వినవచ్చినవి. ముందుపోవుచున్న మా తోడికోడలు కూనిరాగము తీయుచుండెను. ఇంటిలో ఆమె పాడగా మేమెన్నడును వినియుండలేదు.

మన ప్రబంధకవులు అడవిని వర్ణింపబూనిరేని చెట్లపేర్లతోనే పద్యము నిండిపోవును. ఈ యడవికి అట్టి కవి దొరకినను ఒక్క పాదముతో పని ముగియును. ఏలయన, ఇందు నాలుగింట మూడుపాళ్లు సిట్కా స్ప్రూసు అను ఒక్కటే చెట్టు. అది ఉత్తర అమెరికా పడమటితీరపు చెట్టు. మొదటి మహాయుద్ధకాలమున ఈ దేశమునకు కలపకఱవు కలుగగా, 1919లో ప్రభుత్వమువారు అటవీసంఘము నొకదాని నేర్పఱచిరి. 1926 నుండి ఈ బోడికొండలపై నాటించిరి. అంతకుముందు ఇవి గొఱ్ఱెలు మేయు బీళ్లు. ఇపుడు ఇంగ్లండున మనుష్యులు నాటిన అడవులలో నిదియే పెద్దది. వరుసలు తీర్చి నాటుటచే కొన్నిచోట్ల అడవివలె గాక చెఱకుతోటవలె తోచును. చెట్లనడుమ చీకటి, క్రింద గడ్డియైనను మొలవదు. పక్వమునకు వచ్చిన పాళ్లను మొదలంట నఱికి మఱల నాటుదురు. 2021 నవంబరులో ఆర్వెన్ అను గాలివాన పెక్కు చెట్లను కూల్చినది. కూలినచోట వెలుతురు పడి క్రొత్తపొదలు లేచినవి. మాకా చోట్లే అందముగా కనబడినవి.

అట్లని ఈ యడవి నిర్జీవము కాదు. ఇంగ్లండున మిగిలిన ఎఱ్ఱయుడుతలలో దాదాపు సగము ఇచటనే యున్నవందురు. అమెరికానుండి పందొమ్మిదవ శతాబ్దమున తెచ్చిన బూడిదరంగు ఉడుతలు తక్కిన సీమలలో వీనిని వెడలగొట్టినవి. శ్రీరాముడు నిమిరిన చారల ఉడుత కాదిది, ఇటుకరంగుది. ఒక్కటి మా ముందు బాట దాటినది. చేపలు పట్టు ఓస్ప్రే గ్రద్దలు రెండువందల ఏండ్లకు పైగా ఈ సీమను విడిచియుండి, 2009లో మఱల వచ్చి గూడు కట్టినవి. మా కన్నులబడలేదు.

బాటప్రక్కనే చెక్కలతో కూర్చిన రెండంతస్తుల మనుష్యశిరస్సు ఒకటి యున్నది. నోటగుండ లోనికి పోయి, పైకెక్కి, కన్నులనుండి చూడవచ్చును. అఘాసురుని నోట దూరిన గోపబాలురను తలచుకొని నవ్వుచు దూరితిమి. ఆ చేరువనే కూర్చుండి పులిహోర విప్పితిమి. గాలి నిలిచినంతనే మిడ్జీలను కంటికానని దోమలు ముసరినవి. సైకిలు సాగుచున్నంతసేపు అవి అంటవు, ఆగినచో విడువవు. సగము పులిహోర నడచుచునే తింటిమి. వేసవిలో పోదలచువారు ముఖమునకు వల తీసికొనిపోవుట మేలు.

సాయంకాలమునకు ఆనకట్ట చేరితిమి. ఇది మట్టికట్ట, పొడవు 1140 మీటర్లు, ఎత్తు 52 మీటర్లు. 1981లో పూర్తికాగా, 1982 మే 26న ఎలిజబెత్తు రాణిగారు ప్రారంభించిరి. నిండినచో 20,000 కోట్ల లీటర్ల నీరు పట్టును. బ్రిటనులో మనుష్యులు కట్టిన జలాశయములలో ఇంత నీరు పట్టునది వేఱొకటి లేదు. మా వారు వ్రేళ్లపై లెక్కించి, ‘‘మన లెక్కలో ఏడు టి.ఎం.సి.లు’’ అనిరి. కట్టిననాడు మన శ్రీశైలము 308 టి.ఎం.సి.లది. ఉక్కు, రసాయనముల కర్మాగారములకు నీరు చాలదని దీనిని తలపెట్టిరి. కట్టి ముగించునాటికి ఆ కర్మాగారములే క్షీణించినవి.

ఆ రాత్రి కట్టకు దిగువనున్న ఫాల్‌స్టోను గ్రామమున బసచేసి, మా తల్లిగారికి ఫోనులో చిత్రములు చూపితిమి. అచట సాయంకాలము ఆఱుగంటలు, ఇచట రాత్రి పదిన్నర. నీటిని, కొండలను, సైకిలుపైనున్న మమ్మును ఆమె చాలసేపు చూచి, ‘‘బాగుందమ్మా. ఆ నీళ్ల కింద ఎవరి ఊరుంది?’’ అని యడిగిరి.

మా తల్లిగారి పుట్టినయూరు కర్నూలు జిల్లాలో కృష్ణయొడ్డున నుండెడిది. 1981లో శ్రీశైలము నీటిలో మునిగినది. అప్పుడామెకు పదునాఱేండ్లు. ఇంటి దూలములును తలుపులును బండికెత్తుకొని వచ్చిరట. తలుపులు నేటికిని మా మేనమామగారింట నున్నవి. వేసవిలో నీరు తగ్గినపుడు సంగమేశ్వరాలయము బయటపడును. జనులు పోయి సేవింతురు. మా తల్లిగారు మాత్రము ఎన్నడును పోలేదు.

మఱునాటి ఉదయము బసగృహపు ముసలామెను ఆ మాటయే అడిగితిమి. పెక్కు సేద్యగృహములును, ఒక బడియు మునిగినవని ఆమె చెప్పినది. బడి యనగానే మా వారు తినుచున్న రొట్టె నాపిరి. ఈ లోయలో రైలుమార్గము కూడ నుండెడిది. 1956లో ప్రయాణికుల బండ్లును, 1958లో సరకుల బండ్లును నిలిచిపోయినవి. ప్లాషెట్స్ అను బొగ్గుగనుల పల్లె స్టేషను ఇపుడు నీటియడుగున నున్నది.

ఆ దినము దక్షిణపుగట్టున మరలితిమి. ఇచట సందడి హెచ్చు. బిడ్డలను తొట్టిబండిలో కట్టి లాగు తల్లులు, కుక్కలు, పడవలు. డెబ్బదియేండ్ల దొరసాని యొకతె గంట మ్రోగించి మమ్ము దాటిపోయినది. మా తోడికోడలు ఆమె వెంటబడి అందుకొనలేక వచ్చి, తనకొక సైకిలు కొనిపెట్టుమని మఱదితో అచటనే తేల్చుకొనినది.

తుదకు బేకెథిన్ కడ పాతరైలువంతెన చేరితిమి. 1862 నాటిది, ఏటవాలు కమానుల రాతికట్టడము. ఇప్పుడు దానిపై నడచిపోవచ్చును. పట్టాలు లేవు. నీటిని విడిచి వంతెనను మాత్రమే చిత్రము తీసి మా తల్లిగారికి పంపితిమి. చాలసేపటికి ఆమె పిలిచి, వంతెనమాట యెత్తక, ఈమాఱు నీరు తగ్గినపుడు తన్ను సంగమేశ్వరమునకు తీసికొనిపొమ్మనిరి. ఆలయము ఎన్నడు బయటపడునో ముందుగా తెలుపుమని నంద్యాలనున్న మా మేనమామగారికి కబురంపితిమి.