మూడు కిలోల ఇంజను

న్యూకాసిల్‌లో రైలెక్కాక పక్కింటాయన తన చెక్కపెట్టెను సామాన్ల అర మీద పెట్టనివ్వలేదు. యార్క్ వచ్చేదాకా, గంటసేపు, ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నాడు. పెట్టెలో ఉన్నది ఆయన ఆరేళ్ళు కష్టపడి పెరటి షెడ్డులో కట్టుకున్న ఆవిరి ఇంజను. బొమ్మ కాదు. రాగి బాయిలరు, రెండు సిలిండర్లు, సేఫ్టీ వాల్వు, ప్రెజర్ గేజి ఉన్న అసలైన స్టీమింజను. కాకపోతే సైజు పంతొమ్మిదో వంతు, బరువు మూడు కిలోలు.

మా అబ్బాయి దగ్గరికి వచ్చి అప్పటికి నెలయింది. నేను బిట్రగుంట లోకో షెడ్డులో ఫిట్టరుగా పనిచేశానని అబ్బాయి చెప్పిన రోజు నుంచి ఈ పెద్దాయన సాయంత్రం కాగానే కంచె దగ్గరికొచ్చి పిలిచేవాడు. మా డబ్ల్యూజీ స్టీమింజన్ల గురించి అడిగేవాడు. ఫైర్‌బాక్సు ఎంతుండేది, సీసం ప్లగ్గు కరిగిపోతే ఏం చేసేవాళ్ళు, బాయిలరు కడిగే వాషవుట్ ఎన్నాళ్ళకోసారి. మన దేశంలో బ్రాడ్‌గేజి మీద స్టీము 1995లో ఆగిపోయింది. అంతకు చాలా ముందే నన్ను డీజిలుకి మార్చారు. ఆ తర్వాత ఈ ప్రశ్నలు నన్నెవరూ అడగలేదు. అందుకే ఆయన, "శనివారం యార్క్ దగ్గర మా క్లబ్బు ట్రాక్ మీద నడుపుతున్నాను, వస్తారా?" అనగానే సరేనన్నాను.

టైన్ నది దాటాం. డర్హమ్‌లో వంతెన మీంచి గుట్టపైన కెథడ్రల్ కనిపించింది. 1825లో స్టీఫెన్సన్ ఇంజను బండిని లాగిన డార్లింగ్టన్ కూడా దాటిపోయింది. నా చూపు మాత్రం పెట్టె మీదే ఉంది. మూత ఓసారి తీసి చూపించాడు. అడుగున రెండు పట్టాల ముక్కలు బిగించి, ఇంజను తన చక్రాల మీదే నిలబడేట్టు చేశాడు. చుట్టూ కూర్చిన స్పాంజి కనెక్టింగ్ రాడ్లకు, వాల్వు గేరుకు ఎక్కడా తగలదు. బరువంతా చక్రాల మీద, రెండు బఫర్ బీముల మీద. "పొగగొట్టం పట్టుకుని ఎత్తేవాళ్ళని చూశాను," అన్నాడు. "ఓ పుల్ల వంగితే చాలు, వాల్వు టైమింగ్ పోతుంది." పెట్టెను పక్కకు పడుకోబెట్టకపోవడానికి ఇంకో కారణం కూడా చెప్పాడు: వంచితే లూబ్రికేటర్లో నూనె కారిపోతుంది. గ్యాసు టాంకి ఇంటి దగ్గరే ఖాళీ చేశాడు. గ్యాసు ట్రాక్ దగ్గర నింపుకోవచ్చు.

యార్క్ స్టేషను పక్కనే నేషనల్ రైల్వే మ్యూజియం. ట్రాక్‌కి వెళ్ళడానికి ఇంకా టైముందని అందులోకి తీసుకెళ్ళాడు. అక్కడ 'ఎల్లర్‌మన్ లైన్స్' అనే ఇంజనుంది. దాని పక్క భాగం నిలువునా కోసి, ఫైర్‌బాక్సు, బాయిలరు గొట్టాలు, సిలిండరు లోపల పిస్టను అన్నీ కనబడేలా నిలబెట్టారు. ఏళ్ళ తరబడి బాయిలర్ల కింద, స్మోక్‌బాక్సుల్లో పాకినవాణ్ణి నేను. అయినా అంతా ఒక్క చూపులో అలా చూడటం అదే మొదటిసారి. చాలాసేపు కదల్లేకపోయాను.

ఆయన మాత్రం నన్ను 'మాలార్డ్' దగ్గరికి లాక్కెళ్ళాడు. 1938 జూలై 3న గంటకు 126 మైళ్ళు, అంటే 203 కిలోమీటర్లు పరిగెత్తింది ఇది. స్టీమింజన్ల వేగంలో ఇప్పటికీ అదే రికార్డు. ఆ నీలం రంగును, వంపు తిరిగిన ముందుభాగాన్ని అందరూ చూస్తారు. ఆయన వంగి రెండు ఫ్రేముల మధ్య చీకటిలోకి వేలు చూపించాడు. "మధ్య సిలిండరు బిగ్ ఎండు అక్కడుంది. ఆ రోజు వేడెక్కి పాడైంది అదే." చెయ్యి దూరడం కష్టమైన చోటు కాబట్టి అందులో సోంపు వాసనొచ్చే చిన్న గొట్టాన్ని ముందే పెట్టేవారట. బేరింగు కాలితే అది పగిలి ఘాటుగా వాసన వస్తుంది, డ్రైవరుకు తెలుస్తుంది. రికార్డు కొట్టిన ఆ ఇంజను లండన్ దాకా వెళ్ళలేదు. పీటర్‌బరోలో దాన్ని విప్పి, మరో ఇంజనుతో బండిని పంపారు. అంత పెద్ద ఇంజను ఆగిపోవడానికి కూడా నూనె అందని ఒక్క బేరింగే చాలు.

ఆ మాట ఆ రోజు సాయంత్రం నాకే తగిలింది.

ట్రాక్ ఓ చిన్న ఊరి పార్కులో ఉంది. నడుమెత్తున కట్టిన దిమ్మెల మీద 32 మిల్లీమీటర్ల గేజి. దాని పక్కనే మనుషుల్ని ఎక్కించుకుని లాగే పెద్ద మోడళ్ళకు వేరే ట్రాకుంది. వెళ్ళగానే ఒకాయన వచ్చి బాయిలరు సర్టిఫికెట్టు అడిగాడు. అది లేకుండా ఎవర్నీ నిప్పు ముట్టించనివ్వరు. కొత్త బాయిలరుకు పని చేసే ఒత్తిడికి రెట్టింపు, ఆ తర్వాతి పరీక్షల్లో ఒకటిన్నర రెట్లు, చల్లటి నీళ్ళతో పట్టి చూస్తారు. నీళ్ళతోనే ఎందుకో ఫిట్టర్లకు తెలుసు. గాలి నింపి పరీక్షిస్తే, రాగి చీలినప్పుడు బాంబులా పేలుతుంది. నీరు నొక్కినా కుంచించుకుపోదు కాబట్టి ఓ చుక్క కారి ఆగిపోతుంది.

మా డబ్ల్యూజీల బాయిలరు ఒత్తిడి 210 పౌండ్లు. దీనిది 40. నలభయ్యే కదా అనుకున్నాను. ఆయన ఒప్పుకోలేదు. ఆ ఒత్తిడిలో నీరు 140 డిగ్రీల దాకా వేడెక్కి ఉంటుంది, చేతి మీద పడితే చిన్న ఇంజను, పెద్ద ఇంజను తేడా ఉండదన్నాడు. లోపల నీరున్నంత సేపు రాగి ఆ వేడి దగ్గరే ఆగుతుంది. నీరు అయిపోయాక మంట నేరుగా రాగిని కాలుస్తుంది. ఆయన బాయిలరు అతుకులు వెండి కలిసిన సోల్డరుతో వేసినవి. వాటికి 600 డిగ్రీలు దాటేదాకా భయం లేదు. చౌకరకం బొమ్మ ఇంజన్లకు మామూలు సోల్డరు వాడతారు. అది 190 డిగ్రీల లోపే కరుగుతుంది. అలాంటిది ఒక్కసారి ఎండిపోతే బాయిలరు ముక్కలుగా ఊడిపోతుంది. మా ఇంజన్లలో సీసం ప్లగ్గు చేసే పనిని ఇక్కడ గ్యాసు టాంకి చేస్తుంది. నీరు అయిపోయే ముందే గ్యాసు అయిపోయేలా దాని కొలత లెక్కగట్టి పెట్టాడు. ఆ లెక్క నాకు చాలా నచ్చింది. మనిషి మరిచిపోయినా ఇంజను కాలిపోకూడదని ఇంటి దగ్గరే ఆలోచించుకున్న పని అది.

నీళ్ళు వానవి. ఇంటి చూరు కింద పట్టి, గుడ్డలో వడగట్టి తెచ్చాడు. కుళాయి నీరు పోస్తే సున్నం కడుతుంది. బిట్రగుంటలో వాషవుట్ అయ్యాక పెచ్చులు పెచ్చులుగా రాలిన తెల్లటి పొలుసును గంపలకొద్దీ ఎత్తాం. ఇక్కడ చెంచాడు పేరుకుంటే చాలు, లోపలికి చెయ్యి దూర్చి గీకే వీలే ఉండదు.

వెలిగించాక ముందుకు పోనివ్వకుండా చేత్తో పట్టుకుని కొంచెం కొంచెంగా కదిలించాడు. పొగగొట్టంలోంచి ముందు నీటి తుంపర్లు వచ్చాయి. చల్లటి సిలిండర్లో చల్లబడి నీరైన ఆవిరి అది. దాన్ని బయటికి పంపకుండా ఒక్కసారి రెగ్యులేటరు తెరిస్తే పిస్టను నీటికి కొట్టుకుని రాడ్డు వంగుతుంది. మేమైతే సిలిండరు కాక్సు తెరిచేవాళ్ళం. ఇక్కడ చెయ్యే కాక్సు. నీరు పోయి పొడి ఆవిరి ఛక్ ఛక్‌మని మొదలయ్యాక వదిలాడు. నాలుగు బోగీలు లాక్కుంటూ అరగంట తిరిగింది, ఒక్క తడబాటు లేకుండా.

గ్యాసు అయిపోయి దానంతటదే ఆగాక, "రెండో సారి మీరు సిద్ధం చేయండి, నేను టీ తెస్తాను," అన్నాడు. ఆ మాటకు ఎంత సంతోషించానో! బాయిలరు ఒత్తిడి పూర్తిగా దిగేదాకా ఆగాను. నీళ్ళు సిరంజితో కొలిచి పోశాను. గ్యాసు నింపాను, అదీ మంటలకు దూరంగా. రాడ్ల కీళ్ళ దగ్గర ఒక్కో చుక్క నూనె వేశాను. వెలిగించాను. రెండు చుట్లు బాగా తిరిగింది. మూడో చుట్టులో శబ్దం మారింది. సన్నటి కీచు, మలుపు దగ్గర చిన్న కుదుపు. ఆయన టీ కప్పులతో వస్తూ దూరం నుంచే విని నిలబడిపోయాడు. కప్పులు గడ్డిలో పెట్టి, వచ్చి గ్యాసు కట్టేశాడు.

"లూబ్రికేటరు ఖాళీ చేశారా?"

చెయ్యలేదు.

ఆ లూబ్రికేటరు వేలెడంత ఇత్తడి గొట్టం. దాన్లో పల్చటి నూనె కాదు, తేనెలా చిక్కటి స్టీము ఆయిలు పోస్తారు. సిలిండరుకు పోయే ఆవిరి గొట్టానికున్న సూదిమొనంత రంధ్రం గుండా కొంచెం ఆవిరి అందులోకి వస్తుంది. అక్కడ చల్లబడి నీరవుతుంది. నీరు బరువు కాబట్టి అడుక్కి దిగుతుంది, నూనెను పైకి నెడుతుంది. పైకొచ్చిన నూనె అదే రంధ్రం గుండా ఆవిరిలో కలిసి పిస్టను దాకా పోతుంది. ఓ పంపు లేదు, పిన్ను లేదు. కానీ ఓ పరుగు పూర్తయ్యేసరికి ఆ గొట్టం నిండా నీరే మిగులుతుంది. దాన్ని తీసేయకపోతే రెండో పరుగుకు నూనె ఉండదు. మా షెడ్డులోకి ఇంజను రాగానే ముందు లూబ్రికేటరు చూసేవాళ్ళం. నా చేతులకు తెలిసిన ఆ పని, ఇంజను చిన్నదయ్యేసరికి చెయ్యడం మరిచిపోయాను. సిగ్గుతో ఏం మాట్లాడాలో తెలియలేదు.

ఆయన ఒక్క మాట అనలేదు. ఇంజను చల్లారాక మూత విప్పి సిరంజితో లాగాడు. పాలలాంటి తెల్లటి నీరు, చివర్న ఓ చుక్క నూనె. ఆ రోజు దాన్ని మళ్ళీ ట్రాకెక్కించలేదు. ఓ కుర్రవాడు వచ్చి, నూనె పోసి ఇంకో చుట్టు తిప్పి చూద్దామన్నాడు. వద్దన్నాడు ఆయన, మెల్లగానే. లోపల గీత పడి ఉంటే, ఇంకో చుట్టు తిప్పితే అది లోతవుతుందట.

రాత్రి న్యూకాసిల్ చేరాక నేను ఇంటికి పోలేదు. ఆయన షెడ్డులోకే వెళ్ళాం. బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, పక్కన చిన్న చిన్న గిన్నెలు పెట్టాడు, ఏ స్క్రూ ఏ గిన్నెలోకో తెలిసేలా. సిలిండరు కవరు తీశాం. లోపలి గోడ నున్నగానే ఉంది, గోటితో తడిమి చూశాను. పిస్టను మీది రబ్బరు రింగు మాత్రం ఓ పక్కన నలిగింది. కొత్తది వేసి, చక్రాలు చేత్తో తిప్పి, ఎక్కడా పట్టేయడం లేదని చూసుకున్నాం.

"చివరి పని మీది," అంటూ సిరంజి నా చేతికిచ్చాడు.

లూబ్రికేటరు మూత తీశాను. లోపల తడి లేదు. అయినా సిరంజి అడుగుదాకా దించి ఓసారి లాగాను, ఖాళీగా వచ్చింది. అప్పుడు నూనె పోశాను, అంచుకు వెంట్రుకవాసి కిందిదాకా. మూత బిగించి, చుట్టూ కారిన చిక్కటి చారను గుడ్డతో తుడిచాను.