రెండు సూదులు, ఒక ఆరె

తోలుకి పేరుపడ్డ ఊరు కాదు విశాఖపట్నం. 1933లో రేవు తెరిచారు. 1948లో నెహ్రూ సమక్షంలో 'జల ఉష' ఓడ నీళ్ళలోకి దిగింది. 1971లో ఇందిరాగాంధీ ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన చేశారు. ఇక్కడి మాటల్లో ఎక్కడ విన్నా ఇనుము, బొగ్గు, ఓడ, చేప. మంచి తోలు కావాలంటే రాత్రి రైలెక్కి పొద్దున్నే చెన్నై సెంట్రల్‌లో దిగి, పక్కనున్న పెరియమెట్ వీధుల్లో కొట్టు కొట్టూ తిరగాలి. అలా తిరిగి తెచ్చుకున్న తోలుతో ఇంట్లోనే సంచులూ బెల్టులూ కుట్టుకునే పెద్దమనిషి ఒకరు గాజువాకలో ఉన్నారని ఒక మిత్రుడు చెబితే, ఆదివారం పొద్దున వెళ్ళాను.

ఆయన ఉక్కు ఫ్యాక్టరీలో వెల్డింగ్ చేసి రిటైరయ్యారు. కుర్రాళ్ళకి పని నేర్పిన మనిషి కాబట్టి వీధిలో అందరికీ మాస్టారే. పేరు రాయొద్దన్నారు, నేనూ మాస్టారనే రాస్తాను. డాబా మీద రేకుల గది. గోడకి వరసగా పరికరాలు. మూల ఒక పాత ఉషా మిషన్, కిటికీ దగ్గర బరువైన జూకీ. బల్ల మీద నల్లరాతి పలక.

"ఈ పిచ్చి గ్లౌజులతో మొదలైందండీ" అన్నారు. వెల్డర్లు వేసుకునే తోలు గ్లౌజుల్లో ముందు పోయేది తోలు కాదు, కుట్టు. నిప్పురవ్వ పడితే తోలు కాస్త ముడుచుకుని ఊరుకుంటుంది, దారం మాత్రం తెగిపోతుంది. బొటనవేలి మొదట్లో కుట్టు ఊడిన గ్లౌజు ఇక పనికిరాదు. వాటిని పారెయ్యడానికి మనసొప్పక, మధ్యాహ్నం భోజనాల వేళ కుట్టడం మొదలుపెట్టారట. రిటైరయ్యాక తోటివాళ్ళు ఉదయపు నడకలు పట్టుకుంటే, ఈయన సూది పట్టుకున్నారు.

గ్లౌజుల తోలు వేరు, సంచుల తోలు వేరు. మాస్టారు రెండు ముక్కలు నా చేతికిచ్చి అంచులు చూడమన్నారు. ఒకటి కోసిన చోట నీలం కలిసిన బూడిదరంగు. అది క్రోమియం లవణాలతో పదును చేసిన తోలు. మెత్తగా ఉంటుంది, తడికి ఓర్చుకుంటుంది. ప్రపంచంలో తయారయ్యే తోలులో ఎక్కువ భాగం ఇదే. రెండోది అంచు నుంచి అంచు దాకా గోధుమరంగు. చెట్ల బెరడులో ఉండే వగరుతో పదును చేసింది. వేలు తడి చేసి అద్దితే వెంటనే అక్కడ ముదురు మచ్చ పడింది. నీళ్ళు తాగుతుంది, తడిసినప్పుడు వంచితే ఆ వంపు ఆరాక కూడా నిలుస్తుంది, అంచుని రుద్దితే నునుపు తేలుతుంది. చేతిపనికి అందరూ దీన్నే కోరుకోవడం అందుకే. దక్షిణాదిన ఈ పనికి ఒకప్పుడు తంగేడు చెక్క, కరక్కాయ వాడేవారు. 'ఈస్ట్ ఇండియా లెదర్' అని మద్రాసు రేవు నుంచి సీమకి వెళ్ళిన తోళ్ళకి ఆ పేరు తెచ్చింది మన మెట్టపొలాల గట్ల మీద పూసే తంగేడే.

తోలుని చదరపు అడుగుల లెక్కన అమ్ముతారు. కానీ అన్ని అడుగులూ ఒకటి కావు. వీపు భాగం బిగువుగా ఉంటుంది, పొట్ట భాగం సాగుతుంది. పొట్ట నుంచి కోసిన బెల్టు కొన్నాళ్ళకి రెండు బెజ్జాలు లోపలికి పోతుంది. చవగ్గా వచ్చిందని కొనేవాళ్ళకి దుకాణంవాడు ఈ సంగతి చెప్పడు.

పరికరాల్లో సగం మాస్టారు చేసుకున్నవే. విరిగిన హాక్సా బ్లేడుని సానబట్టి, ఒక చివర తోలు చుట్టి పిడి చేశారు. అంచుని పలచగా చెక్కడానికి అంతకన్నా మంచి కత్తి బజార్లో దొరకదంటారు. కొన్నది మాత్రం పళ్ళ ఉలి. నాలుగు పళ్ళు, పన్నుకీ పన్నుకీ నాలుగు మిల్లీమీటర్లు, ప్రతి పన్నూ కాస్త ఏటవాలు. డివైడర్‌తో అంచుకి మూడు మిల్లీమీటర్ల లోపల గీత గీసి, ఆ గీత మీద ఉలి పెట్టి చెక్క సుత్తితో ఒక్క దెబ్బ. చివరి బెజ్జంలో మళ్ళీ మొదటి పన్ను పెట్టి మరో దెబ్బ. గీత పొడుగునా బెజ్జాలన్నీ ఒకే ఎడంలో పడతాయి.

తర్వాత తోలుని రెండు చెక్కల పట్టకారులో బిగించి మోకాళ్ళ మధ్య పెట్టుకున్నారు. దారానికి మైనం రాసి, రెండు చివరలా రెండు సూదులు ఎక్కించారు. మొదటి బెజ్జంలోంచి దూర్చి దారం రెండు వైపులా సమానంగా లాగారు. ఆపైన ప్రతి బెజ్జంలోకీ ఎడమ సూది ఇటు, కుడి సూది అటు. రెండో సూది దూరేటప్పుడు మొదటి దారాన్ని కాస్త వెనక్కి లాగి పట్టుకోవాలి, లేకపోతే సూది దారాన్నే పొడిచేస్తుంది. రెండు చేతులూ ఒక్కసారి పక్కలకి లాగితే కుట్టు బిగుస్తుంది. గుర్రపు జీనులు కుట్టే పద్ధతి ఇది. ఒక చోట దారం తెగినా, అదే బెజ్జాల్లోంచి ఎదురు వచ్చిన రెండో పోగు పట్టుకునే ఉంటుంది. జేబులో పెట్టుకునే చిన్న పర్సుకి ఇలా కుట్టడానికి పూట పడుతుంది. వినడానికి విసుగు పుట్టించే పనే. చూస్తూ ఉంటే మాత్రం కళ్ళు తిప్పబుద్ధి కాలేదు.

మరి మిషన్లెందుకు? "పెద్ద సంచికి గజాల కొద్దీ కుట్టు. మెడ పట్టేస్తుందండీ" అన్నారు మాస్టారు.

ఉషా మిషన్ వాళ్ళావిడది. పలచని తోలునీ లోపలి గుడ్డనీ కుట్టడానికి పనికొస్తుంది, అదీ సూది మారిస్తేనే. బట్టల సూది మొన గుండ్రంగా ఉండి పోగుల్ని పక్కకి నెట్టుకుంటూ వెళుతుంది. తోలు సూదికి ఉలిలాంటి పదునైన మొన ఉంటుంది, కోసుకుంటూ వెళుతుంది. మందం పెరిగితే ఈ మిషన్ తోలుని జరపలేదు. కింది పళ్ళు అడుగు పొరని లాగుతుంటే, పై పొర దాన్ని నొక్కిపట్టే పైపాదానికి అతుక్కుని అక్కడే ఉండిపోతుంది. కుట్టు చివరికి వచ్చేసరికి ఒక పొర పొడుగు, ఒక పొర పొట్టి.

ఆ తగువు తీర్చేది వాకింగ్ ఫుట్ మిషన్. కిటికీ దగ్గరున్న జూకీ ఆ రకమే. ఆటోనగర్‌లో సీటు కవర్లు కుట్టే షాపు మూసేస్తుంటే కొన్నారు. సూది తోలులో దిగి ఉండగానే సూదీ, పైపాదం, కింది పళ్ళూ మూడూ కలిసి ఒక అడుగు ముందుకు వేస్తాయి. పొరలు జారడానికి సందే ఉండదు. దానికున్న పాత క్లచ్ మోటారు కాలు ఆనిస్తే చాలు పరుగందుకునేదట. దాన్ని తీసేసి సర్వో మోటారు బిగించారు. ఇప్పుడు మూల మలుపు దగ్గర ఒక్కో కుట్టూ ఆపి ఆపి వేస్తున్నారు. దారం బాండెడ్ నైలాన్. 40 నంబరు దారానికి 18 సూది, 20 నంబరు దారానికి 22 సూది. దారం నంబరు తగ్గేకొద్దీ లావు పెరుగుతుంది, సూదికి లెక్క తిరగబడుతుంది. కొత్తవాళ్ళు తికమకపడేది ఇక్కడే.

తోలుకి పడ్డ బెజ్జం మళ్ళీ పూడదు. బట్టయితే కుట్టు విప్పి మళ్ళీ వేయొచ్చు, ఇక్కడ ఆ వీల్లేదు. గుండుసూదులు గుచ్చకూడదు, క్లిప్పులే పెట్టాలి. గట్టిగా ఉంటుందని కుట్లు దగ్గర దగ్గరగా వేస్తే, తపాలా బిళ్ళల వరసలా ఆ గీత వెంబడే చిరుగుతుంది.

ఉక్కు ఊరికే తగిన పని ఒకటి చూపిస్తానని మాస్టారు మూల నుంచి ఒక గాజు సీసా తెచ్చారు. వినిగర్‌లో ఇనుప పీచు నానబెట్టారు. మూత వదులుగా పెట్టారు, లోపల పుట్టే వాయువు బయటికి పోవడానికి. కొన్నాళ్ళకి ఇనుము కరిగి నీళ్ళు తేరుకుంటాయి. ఆ నీళ్ళలో గుడ్డ ముంచి గోధుమరంగు తోలు మీద రాశారు. చూస్తుండగానే బూడిదరంగు, కాసేపటికి కాటుక నలుపు. పైన పూసిన రంగు కాదది, తోలులోని వగరుకి ఇనుము తగిలి లోపల పుట్టిన నలుపు. తర్వాత సోడా నీళ్ళతో కడిగి, ఆరాక నూనె పెట్టాలి. అదే నీళ్ళు క్రోమ్ తోలు మీద రాస్తే ఆ నలుపు రాలేదు. శ్రీకాళహస్తి కలంకారీ వాళ్ళు బెల్లం నీళ్ళలో ఇనప ముక్కలు ఊరబెట్టి, కరక్కాయ పట్టించిన గుడ్డ మీద నల్లగీత తెప్పించేదీ ఈ కిటుకుతోనే. ఇదే కిటుకు తెలియక తలపట్టుకునేవాళ్ళూ ఉంటారు. పక్కన గ్రైండర్ తిరుగుతుంటే ఎగిరిన ఇనుపరజను తడితోలు మీద పడిందంటే నల్లచుక్కలే, ఇక పోవు. వెల్డింగ్ షాపుల మధ్య ఉన్న వీధి కదా, తడి ముక్కల్ని డాబా మీద ఆరబెట్టరు.

సముద్రపు గాలితో వచ్చే బెడద వేరే. వానాకాలంలో తోలుకి బూజు, సూదులకి తుప్పు. పరికరాలకి నూనె రాసి గుడ్డలో చుడతారు.

మధ్యాహ్నం దాటాక "మా గురువుగారిని చూద్దురుగాని రండి" అని మాస్టారు పూర్ణామార్కెట్‌కి తీసుకెళ్ళారు. సందు మొదట్లో గొడుగు కింద చెప్పులు కుట్టే పెద్దాయన. గురువుగారూ అన్న పిలుపు వినగానే ఆయన సిగ్గుపడి, "అదేటి బాబూ, అందరి ముందూ" అన్నాడు.

ఆయన సామాను చిన్న పెట్టెలో పట్టేస్తుంది. ఆరె, తోలు కోసే రంపె, గూటం, సానరాయి, చెప్పు తొడిగి కొట్టే ఇనుప దిమ్మ, మైనపు ముద్ద. ఆరె మొన పక్కన చిన్న కొక్కెం ఉంటుంది. ఆయన తెగిన చెప్పు వారు మీద ఆరెని పైనుంచి దింపాడు. కింద ఎడమచేతిలో ఉన్న దారాన్ని కొక్కేనికి తగిలించాడు. పైకి లాగాడు. దారం ఉచ్చులా పైకొచ్చింది. రెండో కొసని ఆ ఉచ్చులోంచి దూర్చి రెండూ లాగాడు. కిందకి చూడనే లేదు. మాస్టారు రెండు సూదులతో చేసేదానికి సగం సమయం కూడా పట్టలేదు.

ఇది నిజానికి మిషన్ వేసే కుట్టే. పై దారమూ కింది దారమూ మధ్యలో పెనవేసుకోవడం. తేడా బిగింపులో ఉందంటాడు పెద్దాయన. "మిసను కుట్టు సూడ్డానికి బావుంటాది. ఓ పోగు తెగితే లైను లైనూ లేచిపోద్ది. నేనైతే ప్రతి కుట్టూ నా సేత్తో బిగించినట్టే కదా."

మిషన్ ఆయనకీ ఉంది. సన్నని పొడుగాటి చెయ్యి, పక్కన తిప్పే చక్రం. బూటు లోపలికి దూరేది ఆ చెయ్యే. దీనికి కింది పళ్ళుండవు. పైపాదమే తోలుని కరిచిపట్టి జరుపుతుంది, ఆ పాదాన్ని ఎటు తిప్పితే కుట్టు అటు నడుస్తుంది. దీని మూలం సింగర్ 29కె. స్కాట్లండ్‌లో క్లైడ్‌బ్యాంక్‌లోని కిల్బౌవీ ఫ్యాక్టరీలో తయారైంది. 'క్వీన్ మేరీ' ఓడని కట్టిందీ ఆ క్లైడ్‌బ్యాంక్‌లోనే. పెద్దాయన దగ్గరున్నది మన దేశంలో చేసిన నకలు.

ఆయన చేతికిప్పుడు తోలు తగిలేదే తక్కువ. అంతా రెక్సిన్, రబ్బరు, అతికించిన అడుగులు. కుర్రతనంలో కిర్రుచెప్పులు చేసేవాడినని, ఆముదం పట్టించి ఇస్తే రైతులు ఏళ్ళ తరబడి తొడిగేవారని చెప్పాడు. కొడుకు రేవులో కాంట్రాక్టు పని చేస్తాడు. ఈ పెట్టె ముట్టడు. మాస్టారు పెరియమెట్ నుంచి తెచ్చే ముక్కల్ని పెద్దాయన వాసన చూసి, మడిచి, బాగుందో లేదో చెబుతాడు. పరీక్ష ఆయనది, డబ్బు ఈయనది.

ఇక్కడ నాకు తోచింది చెప్పకుండా వెళ్ళలేను. మాదిగలు తరతరాలుగా లందల్లో చేతులు నానబెట్టి తోళ్ళు ఊని, మోటబావులకి తొండాలు, ఎద్దులకి పట్టెడలు, ఊరందరికీ చెప్పులు చేసి ఇచ్చారు. వాళ్ళు చేసిన సరుకు ఊళ్ళోకి వచ్చింది, వాళ్ళని మాత్రం వాడలోనే ఉంచారు. ఇప్పుడు అదే పని ఇంగ్లీషు పేరుతో హాబీ అయ్యేసరికి గౌరవంగా కనిపిస్తోంది. మాస్టారు కుట్టిన పర్సు చూసి 'చేత్తో చేశారా!' అని మెచ్చుకునేవాళ్ళే, చెప్పు కుట్టించుకుని పది రూపాయల దగ్గర బేరం పెడతారు. నా మటుకు నాకు ఇది కుట్టు మీద ప్రేమలా కనిపించదు.

ఈ హాబీకి ప్రపంచమంతా పేరున్న అమెరికా కంపెనీ ట్యాండీ కూడా 1919లో టెక్సాస్‌లోని ఫోర్ట్‌వర్త్‌లో చెప్పులు బాగుచేసేవాళ్ళకి అడుగు తోళ్ళు అమ్ముకుంటూ మొదలైంది. హాబీవాళ్ళు ఆ తర్వాత వచ్చారు. 2025లో ఇటలీ ఫ్యాషన్ కంపెనీ ప్రాడా మిలాన్ వేదిక మీద కొల్హాపురి చెప్పుల్లాంటివి నడిపించి, గోల పుట్టాకే వాటి మూలం భారతదేశపు చేతిపని అని ఒప్పుకుంది. కొల్హాపురికి 2019 నుంచీ భౌగోళిక గుర్తింపు ఉంది కాబట్టి అడగడానికి ఒక ఆధారమైనా దొరికింది. గొడుగు కింద ఆరెకి అదీ లేదు.

తోలు పని మొదలుపెట్టాలని ఉన్నవాళ్ళకి మాస్టారు చెప్పిన మాటలే అప్పజెబుతాను. మిషన్ ఇప్పుడే కొనకండి. ఒక పదునైన కత్తి, ఇనుప స్కేలు, పళ్ళ ఉలి, చెక్క సుత్తి, రెండు సూదులు, మైనం, దారం, చేతి రుమాలంత వీపు తోలు చాలు. మొదటి పని తాళాల గుత్తికి పట్టీ, రెండోది బెల్టు. సంచి జోలికి అప్పుడే పోవద్దు. వీడియోలు చూసే ముందు మీ వీధి మొదట్లో గొడుగు కింద కూర్చున్నాయన దగ్గర ఒక గంట కూర్చుని చూడండి. ఆ గంటకి ఆయన కూలి ఆయనకి ఇచ్చి రండి.