తొమ్మిదో ఎక్కం

కంప్యూటరంటే నాకు మొదట్నుంచీ పడదు. ముప్ఫై ఏళ్లు చిట్టా ఆవర్జాలతో కాపురం చేసినవాణ్ణి. కూడికలు తప్ప వేరే విద్య రానివాడికి, ఆ కూడికలే లాక్కుపోయే యంత్రం మీద ప్రేమెలా పుడుతుంది చెప్పండి?

మొన్న సెలవులకొచ్చిన మనవడు, "తాతయ్యా, ఒకప్పుడు కంప్యూటరంటే మిషను కాదు, మనిషి. రోజంతా లెక్కలు కట్టే ఉద్యోగి" అన్నాడు. అంటే నేనూ కంప్యూటర్నే! ఆ ధీమాతో రెండో కప్పు కాఫీ అడిగాను. దొరకలేదనుకోండి, అది వేరే సంగతి.

వాడు ఎనియాక్ కథ ఎత్తుకున్నాడు. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యానికి, ఫిరంగిని ఎలా ఎక్కుపెడితే గుండు ఎక్కడ పడుతుందో చెప్పే పట్టికలు కావలసివచ్చాయి. ఒక్క గుండు దారి లెక్కకట్టడానికి మనిషికి సుమారు 20 గంటలు పట్టేదిట. ఆ పని చేసినవాళ్లలో చాలామంది ఆడపిల్లలే. అంత ఓపిక ఎక్కడుంది గనక! పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మాక్లీ, ఎకర్ట్ అనే ఇద్దరు సుమారు 18,000 వాక్యూమ్ ట్యూబులతో, 30 టన్నుల యంత్రాన్ని కట్టారు. సెకనుకి 5,000 కూడికలు! 1945లో ఆ లెక్కల అమ్మాయిల్లోంచి ఆరుగురిని ఏరి, దానికి పని నేర్పమన్నారు. మొదట్లో మిషను మొహం కూడా చూడనివ్వలేదు, యుద్ధరహస్యం! పాపం, వాళ్లు వైరింగు పటాలు చూసే నేర్చుకున్నారు.

1946 ఫిబ్రవరి 15న ప్రదర్శన. ముందురోజు రాత్రికీ ఒక తప్పు మిగిలిపోయింది. గుండు నేలను తాకినా లెక్క ఆగదు, భూమిలోకి దూసుకుపోతుంది! బెట్టీ స్నైడర్ ఇంటికెళ్లి పడుకుంటే నిద్రలోనే జవాబు తట్టింది. పొద్దున్నే వచ్చి ఒక్క స్విచ్చి మార్చింది. గుండు ఆగవలసిన చోట ఆగింది. ఆ రాత్రి పెద్ద విందు. ఆ ఆడవాళ్లకి మాత్రం పిలుపు లేదు. ఫొటోల్లో మనుషులున్నారు గానీ పేర్లు లేవు. ఆ ఆరుగురికీ కలిపి ఒక గౌరవం దక్కేసరికి 1997 వచ్చింది.

మనవడు కథ ముగించాడు. నాకు మాత్రం నోట మాట రాలేదు.

ఎందుకంటే, 1978 మార్చి ఆఖర్లో మా ఆఫీసు ట్రయల్ బ్యాలెన్సులో 27 పైసలు తేడా వచ్చింది. అంకెలు కాగితం మీద ఎక్కించుకుని ఇంటికి తెచ్చి, మూడు రాత్రులు కూడాను. కుదర్లేదు. నాలుగోనాడు తెల్లవారుజామున మా ఆవిడ డికాషన్ దింపుతూ, "ఏమండీ, 27 తొమ్మిదో ఎక్కంలోది కదా? ఎక్కడో అంకెలు తారుమారై ఉంటాయి. నా పాల లెక్కలో తరచూ అంతే అవుతుంది" అంది. వెతికితే నిజమే! 36 వెయ్యాల్సిన చోట 63 వేశాను.

ఆఫీసరు అందరి ముందూ మెచ్చుకున్నారు. నేను తల వంచుకున్నాను. అందరూ అది వినయమనుకున్నారు. ఆ ఏడే ప్రమోషనూ వచ్చింది. ఆవిడ పేరు ఎక్కడా ఎత్తలేదు.

ఆవర్జాలో తప్పు పడితే కొట్టేసి, పక్కన సరైన అంకె వేసి సంతకం పెట్టాలి. ఇన్నేళ్లకి, మనవడి ఎదుట ఆ పని చేశాను.

వాడు ఎగిరి గంతేశాడు. "నాయనమ్మా, అయితే కంప్యూటరువి నువ్వే!"

ఆవిడ కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ, "నాకు ఆ పేరొద్దురా" అంది. "ఆ మాట ఆయన ఆనాడే అనుంటే చాలు."

రెండో కప్పు కాఫీ మాత్రం ఆ రోజు ఇచ్చింది. పంచదార వెయ్యడం మర్చిపోయింది. నేను అడగలేదు.