బిడ్డ బరువు రాసుకుని వచ్చేశాను

పలమనేరు వైపు పల్లెల్లో ఏఎన్ఎంగా పనిచేసిన రోజుల్లో నేనొక తప్పు చేశాను. కొత్తగా ఉద్యోగంలో చేరే అమ్మాయిలకు ముందు దాని గురించే చెబుతాను.

తొలి కాన్పయి పుట్టింట్లో ఉన్న బాలింతను చూడటానికి ఏడో రోజున వెళ్లాను. బిడ్డను తూచాను. బొడ్డు, కుట్లు చూశాను. జ్వరం లేదు. కార్డు నింపి లేస్తుంటే ఆ పిల్ల మెల్లగా, "బిడ్డ నిద్రపోయినా నాకు నిద్ర రావడం ల్యాదక్కా" అనింది. "పసిబిడ్డ తల్లికి నిద్రెక్కడిది!" అని నవ్వేసి వచ్చేశాను.

మూడో వారం పోతే గోడవైపు తిరిగి పడుకుని ఉంది. "గాలి సోకినట్టుందిమా, తాయెత్తు కట్టించినాం" అంది వాళ్లమ్మ. బిడ్డ బరువు పెరిగింది కదా అని నేను సరిపెట్టుకున్నాను.

నాలుగు రోజుల తర్వాత, తెల్లవారకముందే, ఆ పిల్ల బిడ్డను ఉయ్యాల్లో వదిలి ఇల్లు దాటింది. డెయిరీకి పాలు పోయడానికి పోతున్న పొరుగావిడ చేయి పట్టుకుని వెనక్కి తెచ్చింది. "నేను లేకుంటేనే బిడ్డకు మంచిదనిపించిందక్కా" అని నాతో చెప్పినప్పుడు అర్థమైంది, ఏడో రోజున ఆమె నన్ను సాయం అడిగిందని.

తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్యులకు చూపించాం. మందులతో, ఇంటివాళ్ల తోడుతో కొన్ని నెలలకు కోలుకుంది.

కాన్పయిన కొత్తలో ఊరికే ఏడుపు రావడం మామూలే. రెండు వారాలైనా తగ్గకపోతే మాత్రం అది జబ్బు. మన దేశంలోని 38 అధ్యయనాలను కలిపి చూసిన సమీక్ష ఒకటి 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో వచ్చింది. దాని ప్రకారం 22 శాతం బాలింతలకు కుంగుబాటు ఉంది. దాన్ని పసిగట్టడానికి 10 ప్రశ్నల ఎడిన్‌బరో పట్టిక 1987 నుంచీ ఉంది. నేను వాటిలో ఒక్కటీ అడగలేదు.

మా అవ్వ మంత్రసాని. నీళ్లు పోస్తూ, సాంబ్రాణి వేస్తూ రోజూ బాలింత దగ్గర గంటసేపు ఉండేది. కాన్పులు ఆసుపత్రికి మారి ఎన్నో ప్రాణాలు నిలిచాయి. కానీ పక్కన కూర్చునే ఆ గంటను మేం పోగొట్టుకున్నాం.

ఇప్పుడు బిడ్డను తూచడానికి ముందే తల్లి పక్కన కూర్చుంటాను. ఇంట్లోవాళ్లను కాసేపు బయటికి పంపి, "నీ మనసెట్లా ఉండాది?" అని అడుగుతాను. చెప్పేదాకా లేవను.

మీ ఇంట్లో బాలింత ఉంటే మీరూ అడగండి. మానసిక సాయం కోసం టెలీమానస్ సహాయవాణి 14416కు ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు. చచ్చిపోవాలనుందని అంటే ఒంటరిగా వదలకండి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకుపోండి.