డాన్యూబు గట్టున పుట్టిన చిక్కుముడి

హంగరీ రాజధాని బుడాపెస్టు మొదట ఒకే ఊరు కాదు. డాన్యూబు నదికి పడమట కొండలమీద బుడా, తూర్పున మైదానంలో పెస్టు. పొరుగున ఉన్న పాత బుడాతో సహా ఇవి 1873లో ఏకమైనాయి. రెండు గట్లనూ కలిపి ఉంచేవి వంతెనలు. వాటిలో సింహాల బొమ్మలు కాపలా కాసే గొలుసుల వంతెన 1849 నాటిది.

మన పిల్లలు బడిలోనూ బస్సులోనూ గిరగిర తిప్పే రంగుల పెట్టె, రూబిక్ క్యూబు, ఈ ఊరిలోనే పుట్టింది. దాని సృష్టికర్త ఎర్నో రూబిక్ 1944 జూలై 13న ఇక్కడ జన్మించాడు. అవి యుద్ధపు రోజులు. ఆయనకు ఆరు నెలలు నిండేసరికి, 1945 జనవరిలో, జర్మను సైన్యాలు వెనుదిరిగి పోతూ మిగిలి ఉన్న వంతెనలను కూల్చివేశాయి. గొలుసుల వంతెన మళ్ళీ లేచి నిలిచేసరికి 1949 వచ్చింది; మొదట తెరచిన నాటికి సరిగా నూరేళ్ళు!

రూబిక్ తండ్రి గ్లైడర్లు రూపొందించిన ఇంజనీరు, తల్లి కవయిత్రి. తాను వాస్తుశిల్పం చదివి, ఈ నగరంలోనే అనువర్తిత కళల కళాశాలలో పాఠాలు చెప్పేవాడు. 1974లో ఆయనను ఒక ప్రశ్న పట్టుకొంది. చిన్న చిన్న దిమ్మలు ఎటు తిప్పినా తిరగాలి, కాని ఊడి పడకూడదు. ఎలా? చెక్కముక్కలకు రబ్బరుబ్యాండ్లు వేసి చూచాడు, తెగిపోయాయి. చివరకు ఒక ముక్కను ఇంకొక ముక్కే పట్టి ఉంచేటట్లు లోపల మలిచాడు. ఏ ముక్క ఎటు పోతున్నదో తెలియడానికి రంగులు అద్దాడు. నాలుగు తిప్పులకే రంగులన్నీ కలగాపులగమైనాయి. తిరిగి సరిచేయడం చేసినవాడికే తెలియలేదు! దారి దొరకడానికి నెలకు పైగా పట్టింది.

1977లో ‘మాయా ఘనం’ అని అర్థం వచ్చే పేరుతో ఆ పెట్టె బుడాపెస్టు దుకాణాలకు వచ్చింది. 1980లో రూబిక్ పేరుతో దేశదేశాలకూ వెళ్ళింది. 1982 జూన్ 5న ఈ నగరంలోనే మొదటి ప్రపంచపు పోటీ జరిగితే, గెలిచిన మిన్ థాయ్‌కు పట్టింది 22.95 సెకండ్లు.

పెట్టెలో రంగులు అమరే తీరులు 43 పక్కన పద్దెనిమిది సున్నలు పెట్టినన్ని. అయినా ఎంత చెదిరినదైనా ఇరవై తిప్పుల్లో సర్దవచ్చునని 2010లో గణితజ్ఞులు కంప్యూటర్ల సాయంతో తేల్చారు. చిక్కు విప్పడానికి ఆధారం ఒకటుంది. ప్రతి ముఖంలోనూ నడిమి ముక్క తన చోటు వదలదు. ఆ ముఖం ఏ రంగుదో అదే చెబుతుంది.

మీ అబ్బాయో అమ్మాయో విసుగెత్తి ఆ పెట్టెను మూలకు విసిరితే కోప్పడకండి. చేసినవాడికే నెల పట్టిందనీ, ఆ ఊరి వంతెనకు నాలుగేళ్ళకు పైగా పట్టిందనీ చెప్పి, మళ్ళీ చేతికివ్వండి.