ఒకే ఇంట రెండు కుక్కలు

కుక్కలను పెంచే కుటుంబములు మనలో చాలా ఉన్నవి. ఒకటి ఉన్నంత కాలము ఇబ్బంది లేదు. రెండవది గుమ్మము ఎక్కిన తరువాతనే అసలు సంగతి తెలిసివస్తుంది.

రెండు సంవత్సరముల క్రితము మా మరదలి కుటుంబము ఉద్యోగరీత్యా హైదరాబాదు వెళ్తూ, తమ కుక్క బుజ్జిని మా ఇంట ఉంచి వెళ్ళారు. అప్పటికి మా టామీకి ఆరేండ్లు. రెండూ మగవే. మొదటి వారము వాసన చూసుకొని ఊరుకున్నవి. రెండవ వారములో పోట్లాటలు మొదలైనవి. మూడవసారి టామీ చెవి చీలి రక్తము కారినది. విడదీయబోయిన మా చిన్నవాణ్ణి వాళ్ళమ్మ వెనుకకు లాగకపోతే వాడి చెయ్యి ఆ పళ్ళ మధ్యన ఉండేది.

ఆ రాత్రి మా అత్తగారు, "బుజ్జిని సంత దగ్గర వదిలి రండి. పిల్లలకంటే కుక్క ఎక్కువా?" అన్నారు. ఆవిడ భయములో న్యాయమున్నది. అయితే ఇంటి అన్నమునకు అలవాటు పడిన కుక్కను సంతలో వదిలితే అక్కడి కుక్కలు బ్రతకనిస్తాయా? ఆకలిదప్పులతో బాధపడునట్లు జంతువును వదిలివేయుట 1960 నాటి జంతుహింస నివారణ చట్టము ప్రకారము నేరము కూడా. కనుక ఒక నెల గడువు అడిగి, మరునాడే రెండింటినీ పశువుల ఆసుపత్రికి తీసికొని వెళ్ళాము.

డాక్టరు గారు చెవికి కుట్లు వేసి, "పాస్టరు గారూ, తప్పు దేనిదని చూడకండి. ఎక్కడ, ఎప్పుడు, దేని కోసం కొట్టుకుంటున్నాయో వ్రాసి పెట్టండి" అన్నారు. గోడ క్యాలెండరు మీదనే వ్రాశాము. రెండు వారములలో ఐదు గొడవలు. మూడు అన్నము పళ్ళెముల దగ్గర, రెండు మేము బయటి నుండి వచ్చి గేటు తీసినప్పుడు. ఊరకనే జరిగినది ఒక్కటీ లేదు. తన తిండి పోతుందని, తన మనుషులు తనకు దక్కరని దేని భయము దానిది.

కారణము తెలిసిన తరువాత పని సులువైనది. టామీకి పెరట్లోను, బుజ్జికి వరండాలోను, మధ్య తలుపు వేసి అన్నము పెట్టసాగాము. తినగానే పళ్ళెములు తీసివేశాము. దేని గోనెపట్టా దానికే. గేటు తీయక ముందే ఒకదానిని లోపలి గదిలో ఉంచాము. సాయంకాలము ఒకటి మా చేత, మరొకటి పెద్దవాడి చేత, కాలువ గట్టు మీద కొంచెము ఎడముగా నడిపించాము. డాక్టరు గారి సలహాపై రెండింటికీ ఆపరేషను చేయించాము. మగకుక్కల మధ్య గొడవలు కొన్ని దీనితో తగ్గవచ్చునని వారు చెప్పారు. నెమ్మదిగా ఉండే కుక్క హఠాత్తుగా కరవబోతే చెవిలోనో, పంటిలోనో, కీళ్ళలోనో నొప్పి ఉన్నదేమో ముందు చూపించవలెనని కూడా అన్నారు.

మరొక మాట. కుక్క గుర్రుమంటే కొట్టకూడదు. అది హెచ్చరిక. దెబ్బలకు భయపడి గుర్రుమనుట మానిన కుక్క, చెప్పకుండానే కరుస్తుంది. ఒళ్ళు బిగబట్టి, కదలకుండా చూపు నిలిపినప్పుడే ఒకదానిని పేరు పెట్టి పిలిచి అవతలికి తీసికొని వెళ్ళవలెను.

పోట్లాట మొదలైతే మెడపట్టీ పట్టుకోవద్దు. ఆ కోపములో యజమాని చేతినైనా కరుస్తుంది. కేకలు, కర్ర దెబ్బలు కోపమును పెంచుతాయి. బకెట్టు నీళ్ళు కుమ్మరించుట, మధ్యకు చెక్కపలక దూర్చుట, మందపాటి దుప్పటి కప్పుట మేలు. విడిపోగానే వేరు వేరు గదులలో ఉంచి గాయములు వెదకవలెను. పైకి చిన్న గాటుగా కనిపించినా లోపల కండ చీలి ఉండవచ్చు.

మనిషికి పన్ను తగిలితే కారము, సున్నము, ఆకు పసరు పూయవద్దు. సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషములు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళవలెను. ఇంటి కుక్కే కదా అని ఊరుకొనరాదు. రేబిస్ లక్షణములు బయటపడిన తరువాత బ్రతుకుట దాదాపు అసాధ్యము. కుక్కలకు ఏటేటా టీకా తప్పనిసరి.

ఇంత చేసినా లోతైన గాయములయ్యేలా కొట్టుకుంటూనే ఉంటే, ఒకదానికి మంచి ఇల్లు చూచి ఇచ్చుట నిర్దయ కాదు. మా ఇంట ఆ అవసరము రాలేదు. టామీ, బుజ్జి ఇప్పటికీ స్నేహితులేమీ కావు. ఒకటి అరుగు మీద, మరొకటి జామచెట్టు క్రింద పడుకుంటాయి. అత్తగారు ఆ నెల గడువు సంగతి మళ్ళీ ఎత్తలేదు. వరండాలో బుజ్జి పళ్ళెము పెట్టి తలుపు గడియ వేసేది ఇప్పుడు ఆవిడే.