ఒకే పంక్తి, వేర్వేరు పేర్లు

న్యూఢిల్లీలో అశోకా రోడ్డు మీద, ఏడవ నిజాం కట్టించిన హైదరాబాద్ హౌస్‌కు చేరువలో ఆంధ్రప్రదేశ్ భవన్ ఉన్నది. మధ్యాహ్నమయ్యేసరికి దాని భోజనశాల ముందు తెలుగువారితో పాటు ఢిల్లీ వాసులూ బారులు తీరుతారు. కందిపొడి, నెయ్యి, పప్పు అందరికీ ఒక్కటే. పేర్ల పేచీ మాత్రం తెలుగువారి నడుమనే.

కోస్తావారి గోంగూర తెలంగాణలో పుంటికూర. ఉల్లిపాయ తెలంగాణలో ఉల్లిగడ్డ, రాయలసీమలో ఎర్రగడ్డ. కోస్తావారి బంగాళాదుంపలో వంగదేశం వినిపిస్తుంది. తెలంగాణ ఆలుగడ్డలో ఉర్దూ సహవాసం, సీమ ఉర్లగడ్డలో తమిళ పొరుగు తొంగిచూస్తాయి.

సొంత పేరు మీద మమకారం తెలుగువారికే పరిమితం కాదు. ఇటలీలో రొట్టెముక్కను నిప్పులపై కాల్చి, వెల్లుల్లి రుద్ది, ఆలివ్ నూనె పోస్తారు. రోమ్ ప్రాంతంలో అది ‘బ్రుస్కెట్టా’; ఆ పేరుకు మూలం కాల్చడం. టస్కనీలో అదే ‘ఫెట్టుంటా’. అంటే నూనె ముక్క. ఒకరు నిప్పును తలచుకున్నారు, మరొకరు నూనెను. ప్రపంచమంతా పాకినది మాత్రం మొదటి పేరే.

ఒక పేరు ప్రమాణమై, తక్కినవి ‘యాస’గా మిగిలితే నష్టం రుచికి కాదు, చరిత్రకు. ఉర్లగడ్డ అన్న మాట మరుగైతే దానితో ఒక పొరుగు స్నేహపు ఆనవాలూ పోతుంది.

2014లో రాష్ట్రం రెండయింది. 2024 మార్చిలో కేంద్ర హోంశాఖ ఈ భవన్ స్థలాన్ని పంచి, ఆంధ్రప్రదేశ్‌కు సుమారు 11.5 ఎకరాలు, తెలంగాణకు 8.2 ఎకరాలు కేటాయించింది. నేలను ఎకరాల లెక్కన పంచవచ్చు. పేర్లకు పంపకం అక్కరలేదు. ఒకరి మాట మరొకరు నేర్చుకుంటే ఇద్దరికీ ఆస్తి పెరుగుతుంది.